సల్కా వాటా

ఎడారిలోని మా శరణార్థి శిబిరంలో ఎవరికెంత తిండి కావాలో లెక్కగట్టి రాసిచ్చే పని నాది. క్యూబాలో ఆరేళ్లు చదివి నేర్చుకొచ్చిన విద్య. పెద్దవాళ్లకి రోజుకి రెండువేల వంద కేలరీలు, కడుపుతో ఉన్నవాళ్లకి ఇంకో మూడొందలు, నాలుగేళ్ల పిల్లకి పదమూడొందలు. ఏ పూట ఏం వండాలో, అందులో పప్పెంతో నూనెంతో వైద్యశాలలో కూర్చుని గళ్ల కాగితం మీద రాసేదాన్ని.

సల్కా తన కూతురు నూహాని ఎత్తుకుని వచ్చినప్పుడు ఆ పిల్ల చేతులు పుల్లల్లా ఉన్నాయి, పొట్ట మాత్రం ఉబ్బి ఉంది. గోధుమ పడని జబ్బు. సొంత నేల వదిలొచ్చిన మా సహరావీ జనంలో చాలామందికి ఉన్నదే. రొట్టె ముక్క తిన్నా పది రోజులు విరేచనాలు. అన్నం, పప్పు, డబ్బా చేప, ఖర్జూరం, మేకపాలతోనే పదమూడొందలు నింపి రాసిచ్చాను. మూడు నెలలకి నూహా గుడారాల మధ్య పరిగెత్తింది.

చలికాలంలో రేషన్ మారింది. బియ్యం సగానికి కోసి, ఆ లోటుకి గోధుమపిండి పెంచారు. కేలరీలు ఎక్కడా తగ్గలేదని పంపిణీ అధికారి చెప్పాడు. అతను చెప్పింది నిజమే.

అప్పటికి సల్కాకి ఐదో నెల. మొగుడు కాపలా దళంలో ఎక్కడో దూరాన ఉన్నాడు. గుడారంలో అత్త ఎంబార్కా, తను, పిల్ల. నేను కొత్త కాగితం రాశాను. ఉన్న బియ్యమంతా నూహాకి, రొట్టె పెద్దవాళ్లిద్దరికీ, పప్పూ చేపా ముగ్గురికీ. సల్కా గడి కూడితే సరిగ్గా రెండువేల నాలుగొందలు వచ్చింది. నాకు తృప్తిగా అనిపించింది.

సల్కా దాన్ని చూసి నవ్వింది. "నీ కాగితం మాకన్నా బాగా తింటోందక్కా."

"నవ్వకు. నీ గిన్నె నువ్వే తినాలి. పిల్లకి పెట్టేయకు."

"తింటాలే. నేనేమన్నా చంటిదాన్నా?"

పదిహేను రోజులకోసారి వచ్చేది. నూహా బరువు తగ్గలేదు. తల్లిని అడిగితే తిన్నాననేది. కనురెప్పల లోపల తెల్లగా ఉంటే ఐరన్ మాత్రలు ఇచ్చాను. ఒళ్లంతా చుట్టుకునే మెలఫాని మణికట్టు దాకా కప్పుకుని కూర్చునేది. తిండి చాలుతోందో లేదో తెలియడానికి జబ్బ కొలిచే పట్టీ నా జేబులోనే ఉండేది, కానీ ఆ గుడ్డ పైకి జరిపి ఒక్కసారీ చూడలేదు. బయట నలభైమంది వరసలో ఉండేవాళ్లు. ఆ మాట ఇప్పుడు సాకులా వినిపిస్తుంది.

ఎనిమిదో నెలలోనే నొప్పులొచ్చాయి. బిడ్డ చనిపోయి పుట్టాడు. రక్తం ఆగలేదు. ఒంట్లో ఉన్నదే కొంచెం. ఆ మధ్యాహ్నమే సల్కా పోయింది.

మూడో రోజు పరామర్శకి వెళ్లాను. ఎంబార్కా టీ కాస్తూ, నా మొహం చూడకుండానే చెప్పింది. "ఈ మూడు నెలలూ రొట్టె టీలో ముంచుకు తిన్నదమ్మా. పప్పూ చేపా అన్నీ నూహా గిన్నెలోకే. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది."

"నువ్వైనా చెప్పాల్సింది పెద్దమ్మా."

"చెబితే ఏం చేసేదానివి? ఇంకో గిన్నె తెచ్చేదానివా?"

సగం బియ్యంతో నూహా గడి నిండదని నాకు తెలుసు. అందుకే నూనె, పంచదార పెంచి రాశాను. కూడిక సరిపోయింది. పిల్లకి మాత్రం ఆకలి తీరలేదు. ఆ ఏడుపు విన్నది సల్కా, నేను కాదు.

మరుసటి నెల రేషన్ కార్డులోంచి సల్కా పేరు తీసేశారు. ఇద్దరికి మళ్లీ కాగితం రాయడానికి కూర్చుంటే ఎంబార్కా నా చెయ్యి పట్టుకుంది. "నా గడి వదిలెయ్ తల్లీ. ముసలిదాన్ని, రొట్టె చాలు."

ఒప్పుకోలేదు. వారానికి మూడు రోజులు భోజనం వేళకే వెళ్లి, ఆమె పప్పు ఆమె తినేదాకా ఎదురుగా కూర్చునేదాన్ని. పోలీసులా కాపలా కాస్తున్నావని తిట్టుకుంటూ తినేది. నూహా తన గిన్నె ఖాళీ చేసి అవ్వ గిన్నెకేసి చూసేది. అవ్వ చెయ్యి ఆగిపోయేది.

"తిను పెద్దమ్మా," అనేదాన్ని.

రెండు నెలల్లో నూహా అరకిలో తగ్గింది. నేను మాత్రం వెళ్లడం మానలేదు, ఆ మాట అనడమూ మానలేదు.