మూడు చక్రాల బండికి నాలుగో మూత

నేను ఒక మూతను. టైరులో గాలి కొట్టే వాల్వు మీద బిగించే బుల్లి మూతను. అలాగని చులకన చేయకండి. నా కడుపులో బ్యాటరీ ఉంది, కాస్త బుర్ర కూడా ఉంది. టైరులో గాలి ఎంతుందో కనిపెట్టి, హ్యాండిలు దగ్గరుండే చిన్న తెరకు కబురు పంపుతాను. గాలి తగ్గితే ఆ తెర కూస్తుంది. సముద్రాల అవతల ఏదో కర్మాగారంలో నలుగురు అన్నదమ్ములం ఒకే పెట్టెలో పడ్డాం. మమ్మల్ని కొన్నది మాత్రం మూడు చక్రాల బండికి. నాలుగోవాణ్ణి నేనే.

ఆ బండి మంగతాయారు గారిది. అమలాపురం దగ్గర ఒక పల్లెలో ఆవిడ పోస్టుమాస్టరు. చిన్నతనంలో పోలియో వచ్చి కుడికాలు చచ్చుబడితే, మోటారుసైకిలుకు వెనక చక్రం తీయించి రెండు చక్రాలు కట్టించుకుని, కాలవగట్టు మీద ఆఫీసుకు పదకొండు కిలోమీటర్లు తొమ్మిదేళ్ళుగా ఒంటరిగానే వెళ్ళివస్తోంది. మొన్న వేసవిలో వెనక టైరు చప్పబడి, దిగి తోసుకుపోలేక, గట్టు మీద రెండు గంటలు ఎండలో కూర్చుంది. అంతే, భర్త తాతాజీ గారు తీర్పు చెప్పేశారు. గాలి సంగతి చెప్పే యంత్రం బిగించేదాకా ఒంటరి ప్రయాణం బంద్. ఆనాటినుంచి ఆవిణ్ణి తన స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని, రిజిస్టరు పార్సిలులా ఉదయం దింపి సాయంత్రం తెచ్చేవారు.

యంత్రం ఎంపికకు ఆయనకు మూడు నెలలు పట్టింది. తనను ఒక్క మధ్యాహ్నంలో చూసి ఖాయం చేసుకున్న మనిషి ఈయనేనా అని మంగతాయారు గారికే అనుమానం వచ్చింది. టైరు లోపల పెట్టే రకమా, బయట బిగించే రకమా? వానకు తడిస్తే తెర బతుకుతుందా? ముందు టైరుకూ వెనక టైర్లకూ గాలి లెక్క వేరు కదా, ఆ తేడా దానికి తెలుస్తుందా? మెకానిక్కు బుల్లబ్బాయిని అడిగితే, గాలి సంగతి బొటనవేలికి తెలుస్తుందండీ, డబ్బాలెందుకని టైరు నొక్కి చూపించాడు. దుకాణంవాడేమో మోటారుసైకిలుకైతే రెండు, కారుకైతే నాలుగు, మూడు మాత్రం ఎవరూ చెయ్యరన్నాడు. సాక్షాత్తూ శివుడికే మూడు కళ్ళుండగా కంపెనీలకేం రోగమని తాతాజీ గారు విసుక్కుని, చివరికి నాలుగున్న పెట్టె తెచ్చారు.

ముగ్గురన్నలు బండికెక్కారు. నేను మిగిలాను. పెరుగు డబ్బా కూడా కడిగి దాచుకునే ఇల్లది. ఊరికే పారేస్తారా? నన్ను తన స్కూటరు ముందు చక్రానికి బిగించుకున్నారు. రెండు బళ్ళూ ఒకే పాకలో ఉన్నాయి కాబట్టి తెర మీద నాలుగంకెలూ చక్కగా వెలిగాయి. వీధిలో వాళ్ళందరినీ పిలిచి చూపించారు.

మర్నాడు ఆవిడ ఒంటరిగా గట్టెక్కింది. ఆయన బజారువైపు వెళ్ళారు. నా కబురు అందక, నాలుగో చక్రం ఏమైందని ఆవిడ బండి మీది తెర దారిపొడుగునా గగ్గోలు పెట్టింది. కాలవలో బాతులు కూడా ఒడ్డెక్కి చూశాయట. సంగతి విన్న తాతాజీ గారు కంగారు పడలేదు సరికదా, సంబరపడ్డారు. ఆ మర్నాటినుంచి స్కూటరు వేసుకుని ఆవిడ వెనకాలే బయల్దేరారు. తోడు వెళ్ళమని యంత్రమే చెబుతోందని ఊరంతా చాటారు. నిజం చెప్పొద్దూ, నాకూ గర్వంగానే ఉండేది. పనికిరానివాడికి పెత్తనం దొరికితే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా?

ఐదోరోజు సాయంత్రం మంగతాయారు గారు స్కూటరు పక్కన పీట వేసుకుని కూర్చుని నన్ను ఊడదీసింది.

"ఏవండీ, మీరు పక్కన లేకపోతే ఇది అరుస్తోంది. మీరు పక్కన లేనప్పుడు నా పాటికి నేను వెళ్ళడానికే కదా దీన్ని కొన్నది."

ఆయన అన్నారు: "ఆ రోజు రెండు గంటలూ నీకోసం నేనెలా తిరిగానో నీకు తెలీదు."

"తెలుసు. అయినా వెళ్తాను."

నా బ్యాటరీ తీసేసి, తెర మీద బొత్తాం నొక్కిపట్టి నాలుగో అంకెను చెరిపేసింది. ఆ కిటుకు పెట్టెలో వచ్చిన పుస్తకంలో మూడో పేజీలోనే ఉంది. మూడు నెలలు పరిశోధన చేసినాయన ఆ పుస్తకం ఒక్కటే తెరవలేదు.

ఇప్పుడు నేను వసారాలో టేబులు సొరుగులో, ఎండిపోయిన ముద్రల సిరా డబ్బా పక్కన ఉన్నాను. అక్కడినుంచే విన్నాను. వారం తిరక్కుండానే గట్టు మీద కుడి వెనక టైరు గాలి దిగడం మొదలైందట. అన్నయ్య కబురు పంపాడు, తెర కూసింది. ఆవిడ కాలవ లాకుల దగ్గరి సైకిలు షాపులో ఆగి, గాలి కొట్టించుకుని, టపా వేళకు ఆఫీసు తెరిచింది.

సాయంత్రం అన్నం దగ్గర ఆయన అడిగారు, ఇవాళ ఏమైనా అరిచిందా అని.

"అరిచింది. చూసుకున్నాను," అంది ఆవిడ.

మర్నాడు పొద్దున్నే తాతాజీ గారు లేచి, ఆవిడ బండి మూడు చక్రాలూ బుల్లబ్బాయిలాగే బొటనవేలితో నొక్కి చూశారు. బండి గేటు దాటాక స్కూటరు జోలికి పోకుండా, కాలవగట్టు మలుపుదాకా చూస్తూ అక్కడే నిలబడ్డారు.