తడి మీద గీకాలి

పొద్దున్నే మొగుడి వీపు గీకి, ఆ తర్వాతే ఆవిడ రేవులో పడవలు గీకడానికి వెళ్ళేది. రెండింటికీ కత్తి ఒకటే, పట్టినవీ ఒకటే. ఎక్కడి సముద్రం నుంచో ఓడల అడుగున అంటుకుని వచ్చిన పురుగులవి. కదలని పడవ కనిపిస్తే చాలు, తెల్లటి సున్నపు గొట్టాలు కట్టుకుని కాపురం పెట్టేస్తాయి. కదలని మనుషులకూ పట్టేవి, రేవులో అదేమంత వింత కాదు. నీళ్ళు పోసి తడి మీదే గీకాలి. ఆరిందంటే రాయే.

ఈయనకి పట్టింది పంతం వల్ల. తండ్రి వదిలిపోయిన పడవ నాదంటే నాదని అన్నదమ్ములు తగువుపడ్డారు. తమ్ముడు ఎక్కడ పట్టుకుపోతాడోనని అన్న పాయకి ఇటు గట్టునా, అన్న ఎక్కడ పట్టుకుపోతాడోనని తమ్ముడు అటు గట్టునా కుర్చీలేసుకుని కూర్చున్నారు. మధ్యలో తాడేసిన పడవ ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయింది. గీకీ గీకీ విసిగిపోయి తోడికోడలు పుట్టింటికి వెళ్ళిపోయింది. ఈవిడ మాత్రం చేతులు కాయలు కాచినా ఆ కుర్చీకే చాకిరీ చేస్తూ ఉంది.

ఆ రోజు ఆయన మోకాళ్ళ మీద నీళ్ళు పోస్తూ అడిగింది.

"పడవ మీ తమ్ముడికిచ్చేయండి. లేదా మీరే తీసుకుపోండి. ఏదో ఒకటి చేసి లేవండి."

"నేను లేచానా, వాడు ఎక్కేస్తాడు."

"మరిదికి మెడదాకా పట్టేశాయి. చూస్తూనే ఉన్నారుగా, ఆయనేం ఎక్కుతాడు?"

"నోరింకా బాగానే ఉందిగా, ఎవణ్ణో పురమాయిస్తాడు. నువ్వు గీకు, నీకెందుకు ఈ గొడవ?"

ఆవిడ మళ్ళీ కత్తి ఆనించబోయింది. మడమ దురద పెడితే వంగి చూసుకుంది. గోరంత తెల్లటి గొట్టం. ఇన్నాళ్ళూ కాళ్ళరిగేలా తిరుగుతున్నాననే అనుకుంది. కుర్చీకీ రేవుకీ మధ్య తిరిగింది తిరగడం కాదని పురుగు తేల్చేసింది. ఏడుపు రాలేదు గానీ ఒళ్ళు మండిపోయింది.

చెంబులో మిగిలిన నీళ్ళు తన మడమ మీద పోసుకుని, ముందు దాన్ని గీకి పారేసింది. ఆటుకి నీళ్ళు తగ్గి పడవ బురద మీద ఒరిగాక, దిగి దాని అడుగంతా గీకింది. పోటు రాగానే పడవెక్కి తాడు విప్పింది.

అన్నదమ్ములిద్దరూ ఒక్కసారే అరిచారు. ఇన్నేళ్ళలో వాళ్ళు ఒక మాట మీద నిలబడింది అప్పుడే.

ఎండ నడినెత్తికి వచ్చింది. "కాసిని నీళ్ళన్నా పోసి పోవే, ఆరిపోతున్నాను," అన్నాడు మొగుడు, గొంతు తగ్గించి.

చుట్టూ నీళ్ళే. ఓ చెంబెడు ముంచి పొయ్యడానికి ఎంతసేపని. ఆవిడ ఆయన మొహం వైపు చూసింది, తెడ్డు అందుకుంది.