పచ్చ గోడల గది

ఉప్పలమ్మ కొడుకు పేరు మర్చిపోయిన రోజు ఆదివారం. పొద్దున పరశురాం పళ్లెంలో ఉప్మా పెట్టి ముందుంచితే, ఆమె తలెత్తి, "సల్లగుండు సారూ, మీరెందుకు తెచ్చిన్రు?" అంది. హాలియా ఊళ్లో అందరూ అతన్ని సార్ అనే పిలుస్తారు. హైస్కూల్లో పిల్లలకు సాంఘికశాస్త్రం చెబుతాడు. అమ్మ హాస్యమాడుతోంది అనుకుని నవ్వాడు.

"నేనెవర్నే అమ్మా?"

ఆమె చాలాసేపు చూసింది. తర్వాత, పరాయివాళ్లను నొప్పించకూడదన్నట్టు, "మంచోళ్లే" అంది.

ఆ సాయంత్రం నుంచే బయటికి నడవడం మొదలైంది. పొద్దు వాలితే చాలు, కొంగు బిగించి, "చీకటి పడ్తాంది, ఇంటికి పోతా" అని గేటు తీసేది. గేటు దాటితే సందు. సందు దాటితే సాగర్ కాలువ కట్ట. ఒకనాడు కట్ట మీద, కాలు జారితే నీళ్లే అన్నంత అంచున దొరికింది. కోడలు గ్లోరీ ఆమెను చెయ్యి పట్టి తీసుకొచ్చి, గేటు వేసి అడిగింది.

"గిది నీ ఇల్లే గదా అత్తమ్మా. ఇంక యే ఇంటికి పోతవు?"

"నా ఇల్లు గింత పెద్దగ ఉంటదా బిడ్డా? ఎవలన్న ఇంటె నవ్వుతరు."

నల్లగొండ దవాఖానలో డాక్టరు మందులు రాసి, ఇలాంటివాళ్లలో కొందరు తమ కాలపు వస్తువుల మధ్య ఉంటే కుదుటపడతారు, చూడండి అన్నాడు. హైదరాబాదులో ఇళ్ల అలంకరణ కోర్సు చదువుతున్న పరశురాం కూతురు మెర్సీ ఆ మాట పట్టుకుని సెలవు పెట్టి వచ్చేసింది.

"ముందు గదిని పాత మోడల్ల జేద్దాం బాపూ. అందరం కూసుంటం, నడుమ అవ్వ కూసుంటది. ఇప్పుడు గదే ట్రెండ్."

"పాతదే ట్రెండైతే కొత్తది కొనుడెందుకే?"

"నీ క్లాసు గాదిది. చెప్పు, అప్పట్ల మంచి గది అంటె ఎట్లుండె? గోడలు ఏం రంగు?"

పరశురాం కళ్లు మూసుకుని చెప్పాడు. నడుమెత్తు దాకా ముదురు ఆకుపచ్చ, ఆ పైన లేత పసుపు. ఎర్రగా మెరిసే నున్నటి నేల. పొడుగు చేతుల టేకు కుర్చీలు, ఇత్తడి గొలుసుల ఊయల బల్ల, గంటలు కొట్టే గోడ గడియారం. మెర్సీ వింటూ ఫోన్‌లో బొమ్మ గీస్తూ పోయింది.

"అబ్బ! ఇంత మంచిగ యాదికుందా నీకు!"

అతనికీ ఆశ్చర్యమే. ఎక్కడా తడుముకోలేదు.

కూలగొట్టిన పాత ఇళ్ల తలుపులు, సామాన్లు అమ్మే పర్వతాలు అనే అతని దగ్గర అన్నీ దొరికాయి. అతను కుర్చీ మీది దుమ్ము తుడిచి ముందుకు జరిపాడు. "కూసోని చూడున్రి సారూ. దొరుండే గడీల నుంచి వచ్చింది. దీంట్ల కూసున్న దొర మంచినీళ్లు గూడ లేచి తాగలే." పరశురాం కూర్చుని చేతులు చాచాడు. ఇందులో అమ్మ కూర్చుంటుంది అనుకున్నాడు. చటుక్కున లేచి నిలబడ్డాడు.

"ఏమైంది సారూ, నల్లులు కుట్టినయా?" అన్నాడు పర్వతాలు.

రంగులు వేసేవాడు డబ్బా మూత తీసి, "గింత పచ్చనా? గోడల మీద గొర్లు మేస్తయి సూడు" అని మెర్సీని ఆటపట్టించాడు. కానీ పని అయ్యాక వాడే రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని మురిశాడు. సాయంత్రపు ఎండ పడితే గది నిండు చెరువులా ఉంది.

రంగు వాసన పోయాక, వెనక గదిలో ఉన్న నాయనమ్మను మెర్సీ నడిపించుకుని వచ్చింది. ఉప్పలమ్మ గుమ్మంలో ఆగింది. లోపలికి చూసింది. చెప్పులు విప్పి, చేత్తో పట్టుకుని గేటు దాకా వెళ్లి అక్కడ వదిలి వచ్చింది. కొంగు తల మీదికి లాక్కుంది. గడప పక్కన, గోడకు వీపు తగలకుండా, గొంతుక్కూర్చుని నేలను అరచేత్తో తడిమింది.

"తడిగుడ్డ పెట్టలేదా ఇయ్యాల?" అంది మెల్లగా. "దొరసాని లేచిందా?"

అప్పుడు తెలిసింది పరశురాంకు, తను చెప్పిన గది ఏదో. చిన్నప్పుడు అమ్మ దొర వాకిలి ఊడుస్తుంటే, గడప ఇవతల నిలబడి లోపలికి చూసేవాడు. రంగులున్న గది అంటే అతనెరిగింది అదొక్కటే. వాళ్ల గుడిసెకు మట్టి రంగే. కుర్చీ అన్నది లేదు. కూతురు మంచి గది అడిగితే, ఆ గడప దగ్గరి పిల్లవాడు చూసింది చూసినట్టు చెప్పేశాడు.

"అవ్వా, గిది మనదే. కుర్చీల కూసో."

"నోర్ముయ్యే పోరీ! ఇంటె తోలు దీస్తరు." ఇన్నాళ్లలో ఆమె గొంతు అంత గట్టిగా పలకలేదు.

పరశురాం తొందరపడ్డాడు. తనే వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. "చూడే అమ్మా, నేను కూసున్న. ఎవ్వలన్న ఏమన్న అంటున్నరా?"

ఉప్పలమ్మ లేచి నిలబడింది. తల దించి, చేతులు జోడించి, "బాంచెన్ దొరా" అంది.

ఆ రెండు మాటలు అతను ఏటా పిల్లలకు పాఠంలో చెబుతాడు. మీ బానిసను దొరా అని అర్థమని, అవి పోయిన కాలపు మాటలని చెబుతాడు. ఇప్పుడు లేవబోయి, కుర్చీ చేతులు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

పొద్దు వాలింది. గ్లోరీ అలవాటుగా వెళ్లి గేటుకు అడ్డంగా నిలబడింది. ఉప్పలమ్మ గేటు దిక్కు పోలేదు. చీపురు వెతికి పట్టుకుని, మూలమూలా ఊడ్చి, కుర్చీలోనే ఉన్న కొడుకు ముందుకొచ్చి నిలబడింది.

"పనయింది. ఇంటికి పోనా?"

పోవడానికి ఇంతవరకు ఆమె ఎవర్నీ అడగలేదు. పరశురాం భార్య దిక్కు చూశాడు. గ్లోరీ కళ్లు దించుకుంది.

"ఇంక పనుంది," అన్నాడు. "ఆగు."

"మంచిది" అని ఉప్పలమ్మ గడప పక్కకు పోయి కూర్చుంది.

ఆమెను పడుకోబెట్టాక మెర్సీ ఏడ్చింది. "తీసేద్దాం బాపూ ఇదంతా. మన పాత ఇల్లు లెక్కనే చేద్దాం."

"దేంతోని చేస్తవు బిడ్డా? మన గుడిసెల సామాను యే దుకాణంల దొరుకుతది?"

గ్లోరీ గేటు గడియ పెట్టి వచ్చింది. "కాలువ దిక్కు పోతలేదు గదా. ఎట్లన్న గాని, నాకు గంతే చాలు."

ఎవరిది తప్పనాలో పరశురాంకు తెలియలేదు.

మెర్సీ హైదరాబాదు వెళ్లిపోయింది. రోజూ పొద్దు వాలే వేళకు ఉప్పలమ్మ అడుగుతుంది, పరశురాం ఆగమంటాడు. కుర్చీలో కూర్చుని చెబితేనే ఆమె వింటుంది. నిలబడి చెబితే గేటు దిక్కు నడుస్తుంది. అందుకని బడి నుంచి రాగానే, చెమట తుడుచుకుని, వెళ్లి అందులో కూర్చుంటాడు.

వద్దనుకుంటే సామాను వెనక్కి తీసుకుంటానని పర్వతాలు చెప్పాడు. పరశురాం అతనికి ఇంకా ఫోన్ చెయ్యలేదు.