పేరు తీసిన పాట

పార్క్ స్ట్రీట్ క్లబ్బుల్లో అతన్ని డీజే దయా అంటారు. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో మాత్రం పోయిన యెషయాగారి కొడుకు దయారత్నం, పనీపాటా లేనివాడు. అలా అనడం అన్యాయం. పాట బోలెడుంది, పనే లేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్నట్టుండేది అతని బతుకు. జమైకా వాళ్ళ రెగే అంటే చెవి కోసుకుంటాడు. ఆ రకం పాటల్ని విప్పి డబ్ చేయడం అతని విద్య. అదేమంత బ్రహ్మవిద్య కాదు లెండి. పాటలోంచి గొంతు తీసేసి డ్రమ్మూ బేసూ మిగల్చాలి, తీసేసిన గొంతు తోకల్ని అక్కడక్కడా ఎకోలో తిప్పి వదలాలి. వింటుంటే ఇప్పటిదాకా గదిలో ఎవరో ఉండి వెళ్ళిపోయినట్టు అనిపించాలి.

ఆ చలికాలంలో అతని కొత్త సీడీ విడుదలైంది. రీమిక్సుల్లో చాలావాటిని ఎవరూ పట్టించుకోలేదు. ఒక్కటి మాత్రం కుర్రకారుకి పూనకం తెప్పించింది. అందులో గొంతు వాళ్ళ నాన్నది. రైల్వే యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసిన యెషయా, బతికున్నన్నాళ్ళూ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో ఇంటిల్లిపాదినీ పేరుపేరునా దేవుడికి అప్పగించేవాడు. దాన్నొకసారి క్యాసెట్‌లో పట్టారు. "కాంతాన్ని కాయుము తండ్రీ, జెరూషాను కాయుము తండ్రీ, దయారత్నాన్ని కాయుము తండ్రీ." కాంతం అంటే భార్య, జెరూషా పెద్దది, దయా చిన్నవాడు. ఆయన పోయాక ఆ ప్రార్థన కొడుకు చేయాలి. మన దొరగారికి దేవుడంటే నమ్మకం లేదాయె. తల్లే రోజూ ఆ పేర్లు చెప్పి మొక్కుకునేది.

రీమిక్సు చేస్తుంటే అక్క పేరు తాళానికి అడ్డం పడింది. ఎంత జరిపినా కుదరలేదు. విసుగొచ్చి దయా ఆ ముక్క కోసి పారేశాడు. ఆ ఖాళీలో బేసు ఒక్కసారిగా దిగింది. జనం వెర్రెత్తిపోయింది అక్కడే. శనివారం పార్క్ స్ట్రీట్ క్లబ్బులో షో కుదిరింది, ఆ వెనకే గోవా, బెంగుళూరు పిలుపులొచ్చాయి. ఇక వాడి కాళ్ళు నేల మీద ఉంటాయా!

జెరూషా అప్పుడు తొలి కాన్పుకి పుట్టింట్లోనే ఉంది. నెలలు నిండాయి. భర్త జీవరత్నం లిలువా వర్క్‌షాపులో ఫిట్టరు, రోజూ ఫోన్ చేసి ప్రాణం తీసేవాడు.

సీడీ వచ్చిన కొద్దిరోజులకి కాంతం రాత్రి భోజనాలకి రెండే కంచాలు పెట్టింది. నాకేదమ్మా అని జెరూషా అడిగితే, నా మతి మండా అని తల్లి నవ్వింది. ముగ్గురూ నవ్వుకున్నారు. మర్నాడూ రెండే పెట్టింది. ఈసారి కాంతం నవ్వలేదు. పక్కింటి పిల్లెవరో వచ్చి కూర్చున్నట్టు కాస్త జరిగి చోటిచ్చింది. ప్రార్థనలో కాంతం పేరు తర్వాత గబుక్కున దయా పేరు వచ్చేసింది. జెరూషా కళ్ళు మూసుకుని తన పేరు కోసం ఎదురుచూస్తూనే ఉండిపోయింది.

జీవరత్నం ఫోన్లూ ఆగిపోయాయి. దయాకి ఒళ్ళు మండి తనే చేశాడు. కడుపుతో ఉన్న పెళ్ళాం గుర్తులేదా బావా అని కడిగేశాడు. అవతల మిషన్ల చప్పుడు మధ్య నుంచి జవాబొచ్చింది.

"రాంగ్ నంబరు దాదా," అన్నాడు జీవరత్నం, ముక్కూమొహం తెలియని అన్నని పిలిచినట్టు మర్యాదగా. "నాకింకా పెళ్ళి కాలేదు."

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగితే గుమ్మంలో జెరూషా నిలబడి ఉంది.

"తమ్ముడూ, నాకు బయమేస్తందిరా. నీకైనా కనబడతన్నానా?"

దయా ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. వాడికీ భయం పుట్టుకొచ్చింది, కానీ ఎందుకో చెప్పలేకపోయాడు.

మరుసటి పొద్దున బంద్. ఎర్రజెండాల వాళ్ళు స్టేషన్ రోడ్డు మూసేశారు, బండ్లు లేవు. సరిగ్గా అప్పుడే నొప్పులొచ్చాయి. జెరూషా గొంతు చించుకుని అరుస్తుంటే, కాంతం అదే గదిలో కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది. తల కూడా ఎత్తలేదు. దయా పరిగెత్తి పక్కింటి కామాక్షమ్మని లాక్కొచ్చాడు. ఊళ్ళో సగం కాన్పులు చూసిన మనిషి. ఆమె మంచం దగ్గర నిలబడి, దుప్పటి ఇలా తడిసిపోయిందేటిరా, ఎండలో ఎయ్యి అని చెప్పి వెళ్ళిపోయింది.

అక్కని పేరు పెట్టి పిలవబోయాడు దయా. పేరు నాలుక దాకా వచ్చి జారిపోయింది. మంచం మీద మెలికలు తిరుగుతున్న ఈ ఆడమనిషి ఎవరు అన్న ఆలోచన తలలోకి దూరింది. అప్పుడు తగిలింది వాడికి, తాను కోసి పారేసిన ముక్క ఏమిటో. బల్ల మీద నుంచి నాన్న పాత క్యాసెట్ తీసి టేపురికార్డర్లో వేశాడు. వాడు కత్తెర పెట్టింది కంప్యూటర్లో కాపీకి. క్యాసెట్‌ని ముట్టుకోనైనా లేదు. అయినా అందులో కాంతం పేరుకీ తన పేరుకీ మధ్య వట్టి టేపు బుసే వినిపించింది.

"నీ పేరు చెప్పు!" అని అరిచాడు. "నువ్వెవరో చెప్పు!"

"జెరూషా," అంది ఆమె పళ్ళ మధ్య నుంచి. "జెరూషాని కదరా."

క్యాసెట్ వెనక్కి తిప్పి, మైకు నోటికి ఆనించి, ఆ ఖాళీ రాగానే రికార్డు మీట నొక్కాడు. నాన్న చెప్పే వరసలోనే, జెరూషాను కాయుము తండ్రీ అన్నాడు. ఏడుపు ముంచుకొచ్చి మీట మీద వేలు కాస్త ఆలస్యంగా తీశాడు.

వెనక చేట నేలకేసి కొట్టుకుంది. అయ్యో నా తల్లీ అంటూ కాంతం మంచం మీద పడింది. కామాక్షమ్మ పరుగున తిరిగొచ్చింది. సామాన్లు మోసే తొక్కుడు వ్యాన్ రిక్షావాణ్ణి బతిమాలి రైల్వే ఆస్పత్రికి చేర్చారు. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. జీవరత్నం లిలువా నుంచి నడిచొచ్చి, ఇన్నాళ్ళూ ఫోన్ ఎందుకు చేయలేదో తనకే తెలియక దొంగలా నిలబడ్డాడు.

తల్లీబిడ్డా ఇల్లు చేరిన సాయంత్రం, మనవరాలికి తాత ప్రార్థన వినిపించాలని కాంతానికి ముచ్చటేసింది. దయా సంతోషంగా క్యాసెట్ పెట్టాడు. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ షో వాళ్ళ దగ్గర్నుంచి ఒక్క ఫోనూ రాలేదేమిటా అనుకుంటూనే పెట్టాడు.

కాంతాన్ని కాయుము అని యెషయా గొంతు. జెరూషాను కాయుము అని కొడుకు గొంతు. ఆ తర్వాత ఒక పేరంత పొడుగున బుస వినిపించింది. చివర మళ్ళీ యెషయా ఆమేన్ అన్నాడు.

అతను గబగబా క్యాసెట్‌ని ఆ ఖాళీ దాకా వెనక్కి తిప్పాడు. రికార్డు మీట నొక్కి మైకు అందుకున్నాడు. ఈలోగా కాంతం కళ్ళు మూసుకుని జెరూషాని, పసిదాన్ని, అల్లుణ్ణి దేవుడికి అప్పగించింది. కళ్ళు తెరిచి, ప్రార్థన కూడికకి కొత్తగా వచ్చినవాళ్ళని చూసినట్టు అతన్ని ఆదరంగా చూసింది.

"మీ పేరేటి బాబూ? పార్దనలో సెప్తాను."

అతను నోరు తెరిచాడు. క్యాసెట్ తిరుగుతోంది. తన పేరే గుర్తు రాలేదు. దిక్కుతోచక జెరూషా వైపు తిరిగాడు. తను ఆ రోజు అడిగినట్టే ఇప్పుడు ఆమెనే అడగాలనిపించింది, నేనెవరిని అని.

జెరూషా పసిదాన్ని ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంది.

"పర్లేదు, సెప్పండి దాదా," అంది. "అమ్మ అందరి కోసం పార్దన సేస్తాది."