కాపీ చదివిన గొంతు

"నవ్వుతారే. అద్దాల గదిలో కూర్చోబెట్టి మరీ నవ్వుతారు. పైగా దాన్ని రికార్డు చేసి నలుగురికీ వినిపిస్తారు."

సూదిలో దారం ఎక్కిస్తూ తల్లి ఈ మాట అనేటప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. చూపులేని వారి కోసం వినే పుస్తకాలు తయారుచేసే గ్రంథాలయం ఒకటి ఉందనీ, చదివేవాళ్ళు కావాలని వాళ్ళు ప్రకటన ఇచ్చారనీ, రేపు పదింటికి వెళ్ళి గొంతు వినిపించి వస్తాననీ కూతురు చెప్పింది. అంతే.

"ఆ గదికి కిటికీలు ఉండవట. గాలాడక కళ్ళు తిరిగితే?"

"తలుపు ఉంటుందిలే అమ్మా."

"ఆ తలుపుకి బయట గడియ పెడితే?"

కూతురు నవ్వింది. నవ్వు బొంగురుగా, రంపం చెక్క మీద ఆడినట్టు వచ్చింది. తల్లి చటుక్కున వీధి తలుపు వైపు చూసింది, ఎవరైనా విన్నారేమోనని.

చదివేవారు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఈ కథంతా ఆ చూపులోనే ఉంది. అది కన్నతల్లి చూపు. అందులో ప్రేమ తప్ప మరొకటి లేదు. అయినా పాతికేళ్ళుగా ఆ పిల్ల నోటికి తాళం వేసింది ఆ చూపే.

పిల్లకి ఆరేళ్ళప్పుడు కోరింత దగ్గు వచ్చింది. రెండు రోజుల్లో తగ్గుతుందిలే అని తల్లి ఆగింది. దగ్గు నెల తర్వాత పోయింది కానీ గొంతు తిరిగి రాలేదు. ఆ రెండు రోజులూ తల్లి గుండెలో ముల్లులా ఉండిపోయాయి. బడిలో పిల్లలు దానికి "బొంగురు" అని పేరు పెట్టారు. ఫోను ఎత్తితే అవతలివాళ్ళు "బాబూ, అమ్మని పిలువు" అనేవారు. అప్పటినుంచి దుకాణంలో, బస్సులో, ఆసుపత్రిలో, ఎక్కడైనా సరే, తల్లే ముందు మాట్లాడేది. "నువ్వు ఊరుకో, నేను చెప్తాగా" అనేది. ఒకసారి డాక్టరు "నొప్పి ఎక్కడ" అని అడిగితే, కూతురు నోరు తెరిచేలోగా తల్లి అంతా చెప్పేసింది. డాక్టరు కళ్ళజోడు తీసి, "నొప్పి ఎవరికమ్మా, మీకా, అమ్మాయికా?" అన్నాడు.

అలాంటి అమ్మాయికి కూడా గొంతుతో పని దొరికిన చోటు ఒకటుంది. అది ఒక అచ్చాఫీసులో ప్రూఫుల గది. అక్కడ ఒకరు రచయిత రాసిన కాగితం పైకి చదువుతారు. దాన్నే కాపీ చదవటం అంటారు. ఇంకొకరు అచ్చయిన కాగితం మీద పెన్సిలు నడుపుతూ తప్పులు దిద్దుతారు. కాపీ చదివేవాళ్ళు మాటలే కాదు, చుక్కలూ గీతలూ కూడా పైకి చదవాలి. "కామా, ఫుల్‌స్టాప్, కొత్త పేరా" అంటూ సాగాలి. పక్కన యంత్రాల మోతలో ఎవరి గొంతు ఎలా ఉందో ఎవరికి కావాలి? పన్నెండేళ్ళు ఆ అమ్మాయి చదివింది, ఆ గదికి పెద్ద అయిన మాస్టారు దిద్దాడు. తప్పు దొరికితే కాగితం అంచున గీత పెట్టేవాడు. దొరక్కపోతే "అచ్చుకి పోవచ్చు" అనేవాడు. ఆ పన్నెండేళ్ళలో అంతకు మించి మెచ్చుకోలు ఆయన నోట ఎవరూ వినలేదు.

తర్వాత మాస్టారి చూపు పోయింది. అచ్చాఫీసువాళ్ళు ఆ గదిలో కాగితం రీళ్ళు పెట్టుకున్నారు. మాస్టారు ఇంట్లో మౌనంగా కూర్చున్నాడు. ఆ అమ్మాయి రెండుసార్లు చూడబోతే పలకరించను కూడా లేదు. ఇప్పుడు ఆమె తల్లి పక్కన కూర్చుని, దర్జీ దుకాణం నుంచి వచ్చే చొక్కాలకి కాజాలు కుడుతోంది. కాజాలు కుట్టడానికి మాట్లాడే పని లేదు. తల్లికి అదే నిశ్చింత.

మర్నాడు తల్లి కూడా వెంట వెళ్ళింది. మంచినీళ్ళ సీసా, తువ్వాలు, కళ్ళు తిరిగితే వాసన చూపించడానికి ఒక నిమ్మకాయ సంచిలో పెట్టుకుంది. గ్రంథాలయం మేడ మీద అద్దం గది ఉంది. గదిలో ఒక మైకు, ఒక కుర్చీ. అద్దానికి ఇవతల రికార్డింగు చూసే ఆవిడ చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది. ఆమె వెనక ఎంపిక చేసే పెద్దాయన. ఆయన వయసంతా మైకు ముందు వార్తలు చదివినవాడు. గొంతంటే తేనె జారినట్టు ఉండాలని ఆయన నమ్మకం. బల్ల మీద మరో నలుగురు తమ వంతు కోసం కూర్చున్నారు. లోపల చదివేది వాళ్ళందరికీ స్పీకరులో వినపడుతుంది.

చదవమని ఇచ్చింది ఒక పడవవాడి కథలో ఒక అధ్యాయం. వరదలో చిక్కుకున్న మనుషుల్ని ఒడ్డుకి చేర్చే ఘట్టం. ఎర్రదీపం వెలిగింది. బెదిరిన మనిషి అలవాటైన దారినే పట్టుకుంటుంది.

"నది ఆ ఉదయం కామా ఒడ్డు దాటి కామా ఇళ్ళ గుమ్మాల దాకా వచ్చింది ఫుల్‌స్టాప్ కొత్త పేరా."

బల్ల మీద ఒకరు కిసుక్కుమన్నారు. ఇంకొకరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎంపిక పెద్దాయన నవ్వాపుకోలేక, "ఈ పడవవాడు కామాలు కూడా ఎక్కించుకున్నాడే" అన్నాడు.

తల్లి లేచి నిలబడింది. తను చెప్పినట్టే జరిగింది. చెప్పినట్టు జరిగినందుకు ఏ తల్లీ సంతోషించదు. సంచి భుజాన వేసుకుని, "లేవమ్మా, పోదాం" అని అద్దం మీద తట్టింది. లోపలికి ఆ మాట వినపడలేదు. అద్దానికి ఆ గుణం ఉన్నందుకు తర్వాత అందరూ సంతోషించారు.

రికార్డింగు చూసే ఆవిడ నవ్వలేదు. మీట నొక్కి లోపలికి మాట్లాడింది. "కాపీ చదివేదానివా నువ్వు?"

"అవునక్కా."

"ఎన్నేళ్ళు?"

"పన్నెండు."

"అయితే ఆ కామాలు వదలకు. అన్నీ చదువు, మనసులో. నోటితో మాత్రం అనకు. నేను మొదటినుంచి తీసుకుంటాను."

తల్లి ఇంకో నవ్వు వినలేక బయటి మెట్ల మీదికి పోయి కూర్చుంది. అమ్మాయి కళ్ళు మూసుకుని తెరిచింది. మళ్ళీ మొదలుపెట్టింది.

ఈసారి కామా దగ్గర ఒక చిన్న ఊపిరి మాత్రమే మిగిలింది. ఆ ఊపిరిలో నీళ్ళు మరో మెట్టు ఎక్కాయి. వాక్యం ముగిసినచోట ఆమె ఆగితే, తెడ్డు పైకి లేచి నీటి బొట్లు కారుతున్నట్టుంది. బొంగురు గొంతు ఇప్పుడు వింతగా లేదు. వానలో అరిచి అరిచి అరిగిన పడవవాడి గొంతు అలా కాక ఇంకెలా ఉంటుంది? పడవలో ఉన్న చిన్నపిల్ల "తాతా, మా మేక ఎక్కడ?" అని అడిగేచోట ఆమె పిల్ల గొంతు తెచ్చిపెట్టుకోలేదు. తన గొంతునే ఒక మెట్టు దించింది. అంతే, పడవలో పిల్ల కనబడింది.

బల్ల మీద కొంగు నోటికి పెట్టుకున్నావిడ అలాగే ఉండిపోయింది కానీ, ఇప్పుడది నవ్వు ఆపుకోవడానికి కాదు.

దీపం ఆరి అమ్మాయి ఇవతలికి వచ్చాక పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "చదవటం వచ్చు, కాదనను. కానీ ఈ గొంతుని వినేవాళ్ళు ఒప్పుకోవద్దూ?"

"వినేవాళ్ళని అడుగుదాం" అంది రికార్డింగు ఆవిడ.

"సరే, అడుగుదాం." పెద్దాయన కాస్త కొంటెగా నవ్వాడు. "మన సభ్యుల్లో ఒకప్పుడు ప్రూఫులు దిద్దిన మాస్టారు ఒకాయన ఉన్నాడు. పదకొండు పుస్తకాలు సగంలో ఆపి వెనక్కి పంపాడు. అందులో నేను చదివినవి రెండు. ఆయన ఈ అధ్యాయం చివరిదాకా వింటే పుస్తకమంతా ఈ అమ్మాయికే ఇస్తాను. మధ్యలో ఆపితే ఈ మాట ఇక్కడితో సరి."

అమ్మాయి ముఖం పాలిపోయింది. ఆయన తన మాస్టారే. దారిలో పెద్దాయన షరతు తల్లికి చెప్పి అంది, "ఆయనకి చదివి వినిపించేవాళ్ళు లేరనే నేను ఈ పనికి వెళ్ళానమ్మా. ఆయనే కాదంటే ఇంక ఎవరికీ చదవను."

తల్లి ఆ మాట పట్టుకుంది. ఎప్పుడూ మెచ్చుకోని మనిషి మెచ్చుకోడు. ఆయన ఆపేస్తాడు, ఇది మానేస్తుంది, ఊరంతా వినే గండం తప్పుతుంది. "నీకెందుకు ఆ భయం, నేను తీసుకెళ్తాలే" అంది. ఎప్పటిలాగే కూతురి తరఫున తనే బయలుదేరింది. ఈసారి మనసులో మాత్రం కూతురు ఓడిపోవాలని కోరుకుంటూ.

మాస్టారు కిటికీ పక్కన వాలుకుర్చీలో ఉన్నాడు. ఆయన భార్య తలుపు తీసి, విషయం విని నిట్టూర్చింది.

"పెట్టండమ్మా, పెట్టి చూడండి. మొన్న ఒకాయన చదివింది వింటే, పెళ్ళికీ చావుకీ ఒకటే రాగం తీస్తున్నాడు అని ఆపేశారు. ఒకావిడ ప్రతి వాక్యానికీ ఏడిస్తే, అంతా ఆవిడే ఏడ్చేస్తే నాకేం మిగిలింది అన్నారు. మాట్లాడేది ఆ మాత్రమే. మిగతా రోజంతా ఈయన కంటే గోడ నయం."

తల్లి గ్రంథాలయంవాళ్ళు ఇచ్చిన చిన్న ప్లేయరు ఆయన చేతిలో పెట్టింది. ఎవరు చదివారో చెప్పలేదు. ఆయన ఎడమచేతి బొటనవేలు ఆపే మీట మీద సిద్ధంగా పెట్టుకుని మొదలుపెట్టాడు.

నది ఆ ఉదయం, ఒడ్డు దాటి, ఇళ్ళ గుమ్మాల దాకా వచ్చింది.

తల్లి ఆయన బొటనవేలునే చూస్తోంది. ఇప్పుడు నొక్కుతాడు, ఇదిగో ఇప్పుడు. వేలు కదలలేదు. కానీ ఆయన కుడిచేతి చూపుడువేలు మోకాలి మీద అడ్డంగా పాకటం మొదలుపెట్టింది. చివరిదాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, కాస్త కిందికి దిగి మళ్ళీ సాగింది.

"ఏమిటది?" అని తల్లి గొణిగింది.

"పెన్సిలు" అంది భార్య, గుమ్మం పట్టుకుని. "ప్రూఫులు దిద్దేటప్పుడు అలాగే నడిపేవారు. తప్పు దొరికితే పక్కకి గీత పెడతారు. రెండేళ్ళయింది ఆ వేలు అలా కదిలి."

వేలు నడుస్తోంది. తల్లి కాసేపటికి వేలుని చూడటం మరిచిపోయింది. వరద ఆమె కాళ్ళ దాకా వచ్చింది. పడవలో చోటు లేదు, గట్టు మీద ఇంకా ముగ్గురున్నారు. ఎవరిని దించుతాడో అని ఆమె గుండె కొట్టుకుంది. వింటున్నది తన కూతురి గొంతని నడుమ ఎక్కడో తట్టి ఒళ్ళు జలదరించింది. పాతికేళ్ళలో ఆ గొంతుని ఒక్కసారైనా ఇంతసేపు విన్నదా? ఎప్పుడు మొదలుపెట్టినా రెండో మాటకే "నువ్వు ఊరుకో" అన్నది తనే కదా?

వంటింట్లో పాలు పొంగి పొయ్యి మీద పడ్డ వాసన వచ్చింది. భార్య గుమ్మం వదల్లేదు. ఎదురింటావిడ ఏదో అడగడానికి వచ్చి, భార్య చెయ్యెత్తి ఆగమంటే ఆగి, గడప మీదే కూర్చుండిపోయింది.

ఒక్కచోట మాస్టారి వేలు చటుక్కున పక్కకి జరిగి గీత పెట్టింది. తల్లి ఒక అడుగు ముందుకి వేసింది. గంట క్రితం ఆ గీత కోసమే ఆమె ఇంత దూరం వచ్చింది. ఇప్పుడు, వద్దు మాస్టారూ, ఆపకండి, అనుకుంది. ఆయన ఆపలేదు. వేలు మళ్ళీ మోకాలి మీదికి వచ్చింది. అధ్యాయం ముగిసి, ప్లేయరు తనంతట తనే మూగబోయింది. బొటనవేలు మీట మీద నుంచి ఎప్పుడు జారిందో ఎవరూ చూడలేదు.

ఎదురింటావిడ కళ్ళు తుడుచుకుంది.

"ఎలా ఉంది మాస్టారూ?" అంది తల్లి.

మాస్టారు ప్లేయరు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మా అమ్మాయి చదివింది. మీ దగ్గర పన్నెండేళ్ళు కాపీ చదివిందే, అదే. అబద్ధం ఎందుకు, మీ చేత కాదనిపించాలనే తెచ్చాను. నవ్వుతారని భయం. నవ్వేవాళ్ళు అయిదుగురో ఆరుగురో ఉంటారేమో మాస్టారూ. వాళ్ళకి జడిసి, వినాలనుకునేవాళ్ళెవరికీ దక్కకుండా దాన్ని దాచేశాను. లోకం కంటే ముందు నేనే దాని నోరు మూశాను."

మాస్టారు కిటికీ వైపు తల తిప్పుకున్నాడు.

ఇది చదివేవారిలోనూ తల్లులుంటారు, తండ్రులుంటారు. గొంతు బాగాలేదని, మాట తడబడుతుందని, నలుగురూ నవ్వుతారని బిడ్డని వెనక కూర్చోబెట్టినవాళ్ళుంటారు. పుస్తకంలో మాటలు అందరికీ ఒకటే. ఒక గొంతు చదివితే అవి అచ్చుగానే ఉండిపోతాయి, ఒక గొంతు చదివితే మనుషులవుతాయి. ఆ గొంతు ఏ ఇంట్లో ఉందో ఎవరు చెప్పగలరు? బిడ్డ మాట లోకానికి ఎలా వినిపిస్తుందో అని భయపడే ముందు, మనం ఒక్కసారైనా దాన్ని చివరిదాకా విన్నామా అని మనల్ని మనమే ప్రశ్నించుకోవాలి.

మాస్టారు కిటికీ వైపు నుంచి ఇటు తిరిగి నోరు విప్పాడు. వాడక తుప్పుపట్టిన గొంతు అది, ఆ అమ్మాయి గొంతు కంటే బొంగురుగా ఉంది.

"పడవ తాడు విప్పేచోట తొందరపడింది. అక్కడ ఒక కామా మింగేసింది. అది మళ్ళీ చదవమనండి." మోకాలి మీద వేలు ఆఖరి వరస చివరిదాకా వెళ్ళి నిలిచింది. "మిగతాది అచ్చుకి పోవచ్చు."