మైనం అంటని స్కీలు

స్టార్టు తుపాకి పేలిన రెండో నిమిషంలో నా గుండె ఆగినంత పనైంది. పొద్దున గంటసేపు నేను మైనం రుద్దిన స్కీలు గుడిసెలో బల్ల మీద అలాగే ఉన్నాయి.

మరి నా చెల్లెలు ఓస్‌ఫ్రిడ్ దేని మీద వెళ్లింది?

గోడకు ఆనించిన రెండో జత లేదు. కాళ్ల కింద పట్టునిచ్చే మైనం దానికి అసలు అంటలేదు. ఉప్పుకాగితంతో అడుగు గరుకు చేసి వదిలేశాను, అంతే. రెండు జతలదీ ఒకే రంగు. మంచు కురవడం మొదలైందన్న హడావిడిలో స్టార్టు గీత దగ్గర ఆ జతను నేనే చేతికిచ్చాను. ఆమె తిప్పి చూడలేదు. మా ఇంట్లో స్కీ అడుగు చూడడమంటే మైనం పూసినవాణ్ని అవమానించడమే. నాన్న పెట్టిన కట్టుబాటు.

ముప్పై కిలోమీటర్లు. ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు. నార్వే జాతీయ పోటీల్లో పదిహేనో బంగారు పతకం కోసం ఆఖరి పరుగు. మైనం లేని స్కీ ఎత్తెక్కేటప్పుడు వెనక్కి జారుతుంది. మధ్యలో మార్చడానికి నియమాలు ఒప్పవు.

వేడి పళ్లరసం ఫ్లాస్కు పట్టుకుని నాలుగో కిలోమీటరు ఎత్తు దగ్గరికి అడవికి అడ్డంపడి పరిగెత్తాను. అక్కడ నెగడు చుట్టూ జనం సాసేజీలు కాల్చుకుంటున్నారు. ప్రత్యర్థి జట్టుకు మైనం పూసే కోరె నన్ను చూసి పళ్లికిలించాడు.

"ఏంటి తోర్మోద్, మొహంలో నెత్తుటి చుక్క లేదు?"

"నోర్మూసుకో, కోరె."

"మైనం తప్పిందా? పోనీలే, మీ చెల్లికి పతకాలు తగిలించడానికి గోడ ఎలాగూ చాలట్లేదు."

మొదటి గుంపు మలుపు తిరిగింది. ముందున్నది కోరె జట్టు అమ్మాయి. ఎత్తు మొదట్లోనే ఆగిపోయింది. స్కీల కింద మంచు గడ్డకట్టి, ఎత్తుమడమల చెప్పులు వేసుకున్నట్టు తూలుతోంది. వెనకాల ఇద్దరిదీ అదే గతి. కోరె చేతిలో సాసేజీ జారి నిప్పుల్లో పడింది.

థర్మామీటరు తీసి చూశాను. పొద్దున మైనస్ మూడు. ఇప్పుడు సున్నా. సున్నా దగ్గర కొత్త మంచు మైనాన్ని వదలదు; మైనం లేని గరుకు అడుగుకైతే గడ్డకట్టదు, పట్టు మాత్రం ఇస్తుంది.

వాళ్ల పక్కనుంచి ఓస్‌ఫ్రిడ్ మేడమెట్లు ఎక్కినట్టు ఎక్కిపోయింది.

ఒకటిన్నర నిమిషం తేడాతో గెలిచింది. జనం ఇంకా అరుస్తుండగానే ఆమె దగ్గరికి తోసుకుపోయాను.

"తప్పు చేశానే. ఆ స్కీలకు మైనం..."

"లేదు. మొదటి అడుగులోనే తెలిసిందన్నయ్యా."

"హడలి చచ్చాననుకో! నువ్వు భయపడలేదా?"

"హమ్మయ్య అనుకున్నాను. బయట మంచు చూడగానే ఇవాళ మైనం వద్దనిపించింది."

"నోరు తెరిచి చెప్పొచ్చుగా!"

కనురెప్పల మీది మంచు తుడుచుకుంది.

"పన్నెండేళ్ల కిందట, ప్రపంచ పోటీల్లో కూడా ఇదే మంచు. ఆ రోజూ అనిపించింది. నీకు చెప్పలేకపోయాను."

ఆ రోజు రెండు సెకన్ల తేడాతో బంగారం పోయింది. మా గోడ మీద లేనిది ఆ ఒక్కటే. ఆ రెండు సెకన్లకీ పన్నెండేళ్లుగా నేను అప్పట్లో దెబ్బతిన్న ఆమె మోకాలినే తిట్టుకుంటూ వచ్చాను.

ఓస్‌ఫ్రిడ్ స్కీ ఒకటి విప్పి, తిప్పి, దాని అడుగు నాకేసి పట్టింది.

నేను చూడలేకపోయాను.