దస్తీ వేసిన సీటు

“ఇయ్యాల పోకు బిడ్డా. నా మనసుల మంచిగ లేదు. గా హాస్టలోళ్లు నిన్నేమన్న జేస్తే నేనేం గావాలె?”

కల్యాణ్ బూట్ల లేసు కట్టుకుంటనే నవ్విండు. “నీ మనసుల ఎన్నడు మంచిగున్నదే అమ్మా? మొన్న వానకు బస్సు వాగుల కొట్టుకపోయిందని ఏడ్చినవు. అది డిపోలనే ఉండె.”

కల్యాణ్ రోజూ పెద్దవంగర నుంచి మానుకోట డిగ్రీ కాలేజీకి బస్సుల పోయి వస్తడు. తల్లి అండాలు ఎప్పుడు ఫోన్ చేసినా వానిది ఒక్కటే మాట: “క్లాసుల ఉన్న, మల్ల చేస్త.” ఆదివారం గూడ అదే మాట వచ్చేది నోట్లకెల్లి.

ఆ కాలేజీల సగం మంది బస్సు పిల్లలే. బస్సులొస్తె కాలేజీ నిండుతది, బస్సులు పోతె ఊడ్చిన కల్లమైతది. పొద్దుమూకినంక జరగాల్సిన ఫంక్షన్లన్నీ వీళ్ల బస్సు కోసమని పగటికి మార్చిన్రు. హాస్టలోళ్లకు అదే మంట. “మేం ఈన్నే తింటం, ఈన్నే పంటం. మీరు సుట్టాలు, వచ్చినట్టే పోవాలె” అంటరు. దానికి తోడు దస్తీల లొల్లి. బస్సు కిటికీలకెల్లి సీటు మీద దస్తీ, అదే చేతిరుమాలు, వేస్తె ఆ సీటు వేసినోనిదే, ఎంత పెద్దమనిషైనా ముట్టడు. ఆ అలవాటుతోనే బస్సు పిల్లలు క్లాసుల బెంచీల మీద గూడ దస్తీలేస్తున్నరు, వెనక బస్సుకొచ్చే దోస్తుల కోసం.

మోకాళ్ల నొప్పులకు దవాఖానకు పోవాలని సాకు చెప్పి అండాలు కొడుకెంబడే బస్సెక్కింది.

“గేటుకాన్నే ఆగు. నన్ను అంగన్‌వాడీకి తోలుకొచ్చినట్టు చెయ్యకే” అని కల్యాణ్ ఉరికిండు.

ఆమె ఆగింది గానీ, మనసు ఆగలే. లోపల బెంచీ బోర్ల పడ్డ సప్పుడు, ఆ ఎనకనే ఆడపిల్లల కేకలు. మోకాళ్లు మరిచి ఉరికి కిటికీ చువ్వలు పట్టుకున్నది.

బక్కపలుచని హాస్టల్ పిల్లగాడొకడు దస్తీతోని బూట్లు తుడుచుకుంటున్నడు. అది కల్యాణ్ దస్తీ, దానికి ఎర్ర అంచు కుట్టింది అండాలే.

“అది ఇమ్మానుయేల్ సీటు. మరిపెడ బస్సు లేటయింది. దస్తీ ఆడనే పెట్టు” అన్నడు కల్యాణ్.

“గిది బస్సనుకున్నవారా? టికెట్ చింపుమంటవా?”

“పెట్టురా హరిలాల్!”

“పెడ్త. నీ నోట్ల పెడ్త.”

కల్యాణ్ వాని కాలర్ పట్టిండు. హాస్టలోడొకడు బెల్టు గుంజి బిల్లతోని కల్యాణ్ మొఖం మీద కొట్టిండు. కనుబొమ్మ చీలి నెత్తురు కండ్లల్లకు కారింది. “కొట్టకున్రి! నా బిడ్డ సస్తడు!” అని అండాలు మొత్తుకున్నది. ఎవలు వింటరు? క్రికెట్ వికెట్లు లేచినయి. కుర్చీలు ఎగిరినయి. అడ్డమొచ్చిన సారు కండ్లద్దాలు పగిలి గాజు పెంకులు చెంపల దిగినయి. ఒకని చెయ్యి తలుపు సందుల పడి నలిగింది, వాడు కుక్కపిల్ల లెక్క అరుస్తున్నా అవతలోడు తలుపు నూకుతనే ఉన్నడు.

కోడిని కోస్తుంటె కండ్లు మూసుకునే కల్యాణ్, విరిగిన బెంచీ కట్టె లేపిండు. ఒక దెబ్బ హరిలాల్ భుజం మీద. రెండోది నెత్తి మీద. కొబ్బరికాయ కొట్టిన సప్పుడు. హరిలాల్ కూలబడ్డడు. పడ్డోని మీద ఇంకొకటి వేసిండు.

ఇన్నేండ్లల్ల అండాలు ఎంచని కీడు లేదు. కొడుకును పాము కరిచింది, లారీ గుద్దింది, ఎవడో పొడిచిండు. అన్నీ ఆమె మనసులనే జరిగినయి. కొడుకే ఒకల్ని కొడతడని మాత్రం ఒక్కనాడూ ఎంచలే.

లోపలికి జొరబడి కల్యాణ్ చెంప మీద చెళ్లున ఒకటి పెట్టింది. కట్టె కింద పడ్డది. “మొయ్యి వాన్ని! మొయ్యిరా!”

ఆటోల హరిలాల్ తల ఆమె ఒళ్లెనే ఉన్నది, వాని చేతిల దస్తీనే గాయానికి అదిమి పట్టింది. కొంగు తడిసి కుచ్చిళ్లకు దిగింది నెత్తురు. దవాఖానల ఒక్క మంచం ఖాళీ లేదు. మూలకున్న మంచం మీదికెల్లి ఎవరో లేస్తుంటె, నెత్తుటి దస్తీని ఆమె తలుపుకాడికెల్లే విసిరింది.

“ఏందమ్మా, గిదేమన్న బస్సా?” అని ఇంకో రోగి తాలూకాయన గుడ్లురిమిండు.

“బస్సే అనుకో అన్నా. దస్తీ పడ్డది. నా పిల్లగాడు పంటడు.”

ఆయన పక్కకు జరిగిండు.

డాక్టరమ్మ కుట్లు వేసి, “మాట్లాడిస్తనే ఉండు. జవాబియ్యకపోతె వరంగల్ తోలాలె, ఆడిదాక ఉంటడో లేదో” అన్నది.

“బిడ్డా, పేరు చెప్పు. ఏ ఊరు నాయినా? అన్నం తిన్నవా?” అండాలు అడుగుతనే ఉన్నది. హరిలాల్ కండ్లు సగం తెరిచే ఉన్నయి, వాటిల చూపు లేదు. కల్యాణ్ గోడకు ఆనుకొని నిలబడ్డడు. అడిగి అడిగి ఆమె గొంతు పోయింది. వాని పెదవి కదల్లే.

హరిలాల్ జేబుల ఫోన్ మోగింది. తీసి చూసింది. ‘యాడి’ అని ఉన్నది. లంబాడ తండాలల్ల అమ్మను అట్లనే పిలుస్తరు. ఎత్తింది.

“బేటా, పొద్దటిసంది మనసుల మంచిగ లేదురా” అన్నది భూపాలపల్లి దిక్కు తండకెల్లి హరిలాల్ తల్లి. “ఏడున్నవ్?”

అండాలు ఫోన్ పిల్లగాని చెవికానిచ్చి పట్టుకున్నది. అవతల ఆ తల్లి పిలుస్తున్నది, పిలుస్తనే ఉన్నది. ఇటు ఉలుకు లేదు, పలుకు లేదు. కల్యాణ్ గోడ పొంటి జారి కింద కూలబడ్డడు. ఎంతసేపటికో హరిలాల్ గొంతుల గుటక కదిలింది.

“క్లాసుల ఉన్న యాడీ... మల్ల చేస్త.”